వర్డ్‌ప్రెస్‌లో ఒక్కో రకం పేజీలో ఒక్కో సంఖ్యలో వ్యాసాలు కనిపించాలంటే కోడ్ ఎక్కడ, ఎలా రాయాలి?

తీరవాసి (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. విశాఖపట్నం, దాని చుట్టుపక్కల ప్రాంతాల చరిత్ర మీద కొందరు మిత్రులం కలిసి వర్డ్‌ప్రెస్‌లో ఒక వెబ్‌సైటు నడుపుతున్నాం. తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలు, భీమునిపట్నంలోని డచ్చివారి సమాధులు, ఎర్రమట్టి దిబ్బలు, సింహాచలం ఆలయ శాసనాలు వంటి విషయాల మీద వ్యాసాలు ఉంటాయి. దాదాపు ప్రతి వ్యాసంలోనూ ఫొటోలు ఉంటాయి కాబట్టి, జాబితా పేజీల్లో ఒక్కో వ్యాసానికి ఒక బొమ్మ, శీర్షిక, రెండు వాక్యాల పరిచయం చొప్పున మూడు నిలువు వరసల్లో అమర్చుకున్నాం.

సెట్టింగ్స్‌లోని రీడింగ్ విభాగంలో ఒక పేజీకి ఎన్ని వ్యాసాలు చూపాలో చెప్పే గడి ఒక్కటే ఉంది. అందులో మొదటి నుంచీ ఉన్న పది అనే అంకెనే ఉంచితే, మూడేసి చొప్పున మూడు వరుసలు నిండాక పదో వ్యాసం చివరి వరుసలో ఒంటరిగా మిగిలిపోతోంది. దాన్ని తొమ్మిదికి తగ్గిస్తే మొదటి పేజీ బాగానే ఉంటుంది గానీ, వెతుకులాట ఫలితాల పేజీలో బొమ్మలు లేకుండా శీర్షికలు మాత్రమే వస్తాయి కనుక అక్కడ తొమ్మిది మరీ తక్కువ. మాకు కావలసింది ఇది: మొదటి పేజీలో పైన ఒక పెద్ద వ్యాసం, దాని కింద ఆరు చిన్నవి; రెండో పేజీ నుంచి ఆరేసి; క్యాటగిరీ పేజీల్లో పన్నెండేసి; వెతుకులాటలో ముప్ఫై; నెలవారీ ఆర్కైవ్‌లో ఆ నెల వ్యాసాలన్నీ ఒకేచోట.

దీనికి తోడు రెండు చిక్కులున్నాయి. మొదటిది, సెట్టింగ్స్‌లో పది అని ఉన్నా మొదటి పేజీలో పన్నెండు వ్యాసాలు కనిపిస్తున్నాయి. రెండోది, మా థీమ్ తయారుచేసిన మిత్రుడు క్యాటగిరీ టెంప్లేట్‌లో (ఆ రకం పేజీ ఎలా కనిపించాలో చెప్పే ఫైలులో) ఆరేసి వ్యాసాలు వచ్చేలా వేరే క్వెరీ (డేటాబేస్‌ను వ్యాసాలు అడిగే కోడ్) రాశాడు. ముప్ఫై వ్యాసాలున్న ఒక క్యాటగిరీలో కింద ఐదు పేజీల అంకెలు కనిపిస్తున్నాయి, మొదటి మూడు తెరుచుకుంటున్నాయి, కానీ నాలుగు, ఐదు నొక్కితే పేజీ దొరకలేదని వస్తోంది. వ్యాసాలు ఉండి కూడా పేజీ ఎందుకు దొరకడం లేదో మాకు అర్థం కాలేదు.

మరొక మాట. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగాక, ఉమ్మడి విశాఖ జిల్లా అనే క్యాటగిరీ కింద అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలకు సబ్ క్యాటగిరీలు చేశాం. బొజ్జన్నకొండ వ్యాసాలు మొదటిదానిలోకి, అరకు, బొర్రా గుహల వ్యాసాలు రెండోదానిలోకి వెళ్లాయి. ఈ రెండింటిలో వ్యాసాలు ఇంకా తక్కువే కనుక అక్కడ మాత్రం పద్దెనిమిదేసి చూపితే, ఉన్నవన్నీ ఒకే పేజీలో వచ్చేస్తాయి. ఇవన్నీ ప్లగిన్ అవసరం లేకుండా కోడ్‌తోనే చేయడం సాధ్యమా? పీహెచ్‌పీ చదివి అర్థం చేసుకోగలను, సొంతంగా రాయడం అంతగా అలవాటు లేదు.

గాజువాక_కోడ్ సమాధానం:

తీరవాసి గారూ, పేజీ దొరకకపోవడానికి గల కారణం తెలిస్తే మిగిలిన పనంతా తేలికవుతుంది కాబట్టి ముందు దాని గురించే రాస్తున్నాను.

ఎవరైనా మీ సైటులో ఒక చిరునామా తెరిచినప్పుడు వర్డ్‌ప్రెస్ మీ టెంప్లేట్ ఫైలును చూడకముందే ఆ చిరునామాను విడమరిచి, ఇది ఫలానా క్యాటగిరీ, ఫలానా పేజీ అని నిర్ణయించుకుని, డేటాబేస్ నుంచి వ్యాసాలను తెచ్చేస్తుంది. దీన్నే మెయిన్ క్వెరీ అంటాం. ఆ పేజీకి వ్యాసాలేవీ దొరక్కపోతే 404, అంటే పేజీ దొరకలేదు అని తేల్చేది కూడా అప్పుడే. మీ మిత్రుడు రాసిన క్వెరీ ఇదంతా ముగిశాక, టెంప్లేట్ లోపల నడుస్తోంది. మెయిన్ క్వెరీకి తెలిసిన సంఖ్య సెట్టింగ్స్‌లోని పది మాత్రమే కనుక, దాని లెక్కలో ముప్ఫై వ్యాసాలకు మూడే పేజీలు. టెంప్లేట్‌లోని క్వెరీ ఆరేసి చొప్పున ఐదు పేజీలు లెక్కగట్టి అంకెలు చూపిస్తోంది. నాలుగో పేజీ అడిగితే మెయిన్ క్వెరీకి ముప్ఫై ఒకటో వ్యాసం నుంచి కావాలన్నట్టు అర్థమవుతుంది. అలాంటి వ్యాసం లేదు కనుక మీ టెంప్లేట్ దాకా రాకముందే దారి మూసుకుపోతోంది.

అందువల్ల సంఖ్యను టెంప్లేట్‌లో మార్చకూడదు, మెయిన్ క్వెరీ డేటాబేస్‌కు వెళ్లకముందే మార్చాలి. అందుకోసమే వర్డ్‌ప్రెస్‌లో ప్రీ_గెట్_పోస్ట్స్ అనే హుక్ (మన కోడ్‌ను తగిలించే చోటు) ఉంది. క్వెరీ సిద్ధమై, ఇంకా అమలుకాని క్షణంలో ఇది మనకు అవకాశం ఇస్తుంది. కాబట్టి మొదట క్యాటగిరీ టెంప్లేట్‌లోని ఆ వేరే క్వెరీని పూర్తిగా తొలగించి, దాని స్థానంలో మామూలు లూప్‌ను (మెయిన్ క్వెరీ తెచ్చిన వ్యాసాలను ఒక్కొక్కటిగా చూపే కోడ్‌ను) తిరిగి పెట్టండి. ఆ టెంప్లేట్‌లో క్వెరీ_పోస్ట్స్ అనే ఫంక్షన్ వాడి ఉంటే దాన్నీ తీసేయండి. అది అప్పటికే తెచ్చిన వ్యాసాలను పక్కనబెట్టి మళ్లీ డేటాబేస్‌కు వెళుతుంది కాబట్టి పని రెండింతలవుతుంది, పేజీల లెక్క కూడా చెడుతుంది.

తరువాత ఫంక్షన్స్.పీహెచ్‌పీ ఫైలులో ఒక ఫంక్షన్ రాసి, యాడ్_యాక్షన్ ద్వారా ప్రీ_గెట్_పోస్ట్స్‌కు తగిలించండి. ఇక్కడ తెలుగులో రాస్తున్న పేర్లన్నింటినీ మీరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే, అండర్‌స్కోర్‌లతో సహా టైపు చేయాలి. ఈ ఫంక్షన్‌కు క్వెరీ ఆబ్జెక్ట్ నేరుగా అందుతుంది. దానిలో చేసిన మార్పు అక్కడికక్కడే వర్తిస్తుంది కనుక చివర రిటర్న్ రాయనవసరం లేదు.

ఆ ఫంక్షన్‌లో మొట్టమొదటి షరతు అత్యంత ముఖ్యం. ఈజ్_అడ్మిన్ నిజమైనా, ఈ క్వెరీ మీద ఈజ్_మెయిన్_క్వెరీ అబద్ధమైనా ఏమీ చేయకుండా అక్కడే వెనుదిరగాలి. అడ్మిన్ షరతు మరిచిపోతే డాష్‌బోర్డులోని వ్యాసాల జాబితా కూడా మీరు పెట్టిన సంఖ్యకే కుదించుకుపోవచ్చు. మెయిన్ క్వెరీ షరతు మరిచిపోతే పక్క కాలమ్‌లోని తాజా వ్యాసాలు, మెనూ వంటి చిన్నచిన్న క్వెరీలన్నింటి మీదా ఈ మార్పు పడుతుంది, అప్పుడు ఎక్కడ ఏది ఎందుకు మారిందో పట్టుకోవడం చాలా కష్టం.

ఆ రెండూ దాటాక, క్వెరీ ఆబ్జెక్ట్ మీదనే ఈజ్_సెర్చ్ నిజమైతే సెట్ అనే మెథడ్‌తో పోస్ట్స్_పర్_పేజ్ విలువను 30 చేయండి. అది కాకపోతే ఈజ్_క్యాటగిరీకి మీ రెండు సబ్ క్యాటగిరీల స్లగ్‌లను (చిరునామాలో కనిపించే పేర్లను) ఒక అరేగా (జాబితాగా) ఇచ్చి, నిజమైతే 18 పెట్టండి. అదీ కాకపోతే ఏమీ ఇవ్వని ఈజ్_క్యాటగిరీతో పరీక్షించి 12 పెట్టండి. ఈ వరుస తారుమారు కాకూడదు. ఏమీ ఇవ్వని షరతు ముందు వస్తే అనకాపల్లి పేజీ కూడా అక్కడే పట్టుబడి పన్నెండు దగ్గరే ఆగిపోతుంది. ఉమ్మడి విశాఖ జిల్లా అనే పై క్యాటగిరీ పేజీలో మాత్రం, వర్డ్‌ప్రెస్ మామూలు పద్ధతి ప్రకారం, రెండు సబ్ క్యాటగిరీల వ్యాసాలు కూడా కలిసే వస్తాయి. బొర్రా గుహల వ్యాసం రెండుచోట్లా కనిపిస్తే అది దోషం కాదు.

ఈ షరతులన్నింటినీ క్వెరీ ఆబ్జెక్ట్ మీద పిలవడం మంచిది. ఆ దశలో ముందు పేజీ సంగతి తేల్చే ఈజ్_ఫ్రంట్_పేజ్ వంటివి మాత్రం నమ్మకంగా పనిచేయవు కనుక, వ్యాసాల జాబితా ఉన్న మొదటి పేజీకి ఈజ్_హోమ్ వాడండి.

మధురవాడ_మెట్ట సమాధానం:

గాజువాక_కోడ్ గారు అసలు మూలం పట్టుకున్నారు. మిగిలిన రెండు విషయాలకు, అంటే పదికి బదులు పన్నెండు రావడానికి, మొదటి పేజీ ఏడు, తక్కిన పేజీలు ఆరు అనే కోరికకు సంబంధం ఉంది కాబట్టి వాటిని కలిపి చెబుతాను.

పన్నెండు రావడానికి కారణం దాదాపు కచ్చితంగా స్టిక్కీ వ్యాసాలే. ఎప్పుడో రెండు పాత వ్యాసాలకు మొదటి పేజీ పైభాగాన ఉండిపోయేలా టిక్ పెట్టి ఉంటారు. వర్డ్‌ప్రెస్ ముందు మీరు చెప్పిన పదింటినీ తెస్తుంది. స్టిక్కీ వ్యాసం ఆ పదిలో ఉంటే దాన్ని పైకి జరుపుతుంది, లేకపోతే విడిగా తెచ్చి పైన చేరుస్తుంది. అందుకే స్టిక్కీ వ్యాసం కొత్తదిగా ఉన్నంతకాలం లెక్క సరిపోయి, అది పాతబడి మొదటి పేజీ దాటిపోయాక లెక్క పెరుగుతుంది. చాలామంది ఇది అప్పుడప్పుడు వచ్చే దోషమని అనుకుంటారు గానీ, అది తన నియమం ప్రకారమే నడుస్తోంది. హోమ్ షరతు లోపల ఇగ్నోర్_స్టిక్కీ_పోస్ట్స్‌ను ట్రూ అని సెట్ చేస్తే సంఖ్య కచ్చితంగా నిలుస్తుంది.

ఇక ఏడు, ఆరు సంగతి. పోస్ట్స్_పర్_పేజ్‌ను మొదటి పేజీలో 7, తక్కిన వాటిలో 6 అని మాత్రమే పెట్టి ఊరుకుంటే ఒక వ్యాసం రెండుసార్లు కనిపిస్తుంది. రెండో పేజీకి వచ్చేసరికి వర్డ్‌ప్రెస్ తన ప్రస్తుత సంఖ్య ఆరును పట్టుకుని, మొదటి పేజీలో ఆరు అయిపోయాయనుకుని ఏడో వ్యాసం నుంచి మొదలుపెడుతుంది. ఆ ఏడోది పాఠకుడు అప్పటికే చూసేశాడు. కాబట్టి ఈజ్_పేజ్డ్ నిజమైనప్పుడు, అంటే రెండో పేజీ నుంచి, ఆఫ్‌సెట్ (ముందున్న ఎన్ని వ్యాసాలను వదిలేయాలో చెప్పే) విలువను మనమే ఇవ్వాలి. పేజీ సంఖ్య నుంచి ఒకటి తీసేసి, ఆరుతో గుణించి, ఒకటి కలిపితే ఆ విలువ వస్తుంది. రెండో పేజీకి ఏడు, మూడో పేజీకి పదమూడు. ప్రస్తుత పేజీ సంఖ్యను క్వెరీ నుంచి పేజ్డ్ అనే పేరుతో గెట్ చేసుకోవచ్చు.

అక్కడితో పని అయిపోదు. మొత్తం ఎన్ని పేజీలు అన్న లెక్క ఇంకా తప్పుగానే ఉంటుంది. మీ సైటులో 103 వ్యాసాలున్నాయని అనుకుందాం. మొదటి పేజీలో ఏడు పోగా మిగిలిన 96 ఆరేసి చొప్పున 16 పేజీలు, మొత్తం 17. కానీ మొదటి పేజీలో ఉన్నప్పుడు వర్డ్‌ప్రెస్ 103ను ఏడుతో భాగించి 15 పేజీలంటుంది, చివరి రెండు పేజీలకు దారి కనిపించదు. రెండో పేజీకి వెళ్లాక అదే 103ను ఆరుతో భాగించి 18 అంటుంది. ఆ పద్దెనిమిదో పేజీ ఖాళీ, నొక్కితే మళ్లీ 404.

దీన్ని సరిచేయడానికి ఫౌండ్_పోస్ట్స్ అనే ఫిల్టర్‌తో (విలువను మార్చి తిరిగి ఇచ్చే హుక్‌తో) మొత్తం సంఖ్య నుంచి తీసివేసే పద్ధతి ప్రచారంలో ఉంది. ఆఫ్‌సెట్ అన్ని పేజీల్లో ఒకేలా ఉంటే అది చాలు. కానీ ఇక్కడ భాగించే సంఖ్య కూడా పేజీని బట్టి మారుతోంది కనుక, ద_పోస్ట్స్ అనే ఫిల్టర్ దగ్గర నేరుగా పేజీల సంఖ్యనే సరిచేయడం శుభ్రంగా ఉంటుందని నా అభిప్రాయం. వ్యాసాలు వచ్చేసి, వర్డ్‌ప్రెస్ తన లెక్క ముగించాక ఈ ఫిల్టర్ నడుస్తుంది. దీనికి రెండు ఆర్గ్యుమెంట్లు కావాలని యాడ్_ఫిల్టర్‌లో చెప్పాలి, లేకపోతే క్వెరీ ఆబ్జెక్ట్ మీ చేతికి రాదు. అడ్మిన్ కాదు, మెయిన్ క్వెరీయే, హోమ్ పేజీయే అన్న షరతులు ఇక్కడ కూడా పెట్టి, ఫౌండ్_పోస్ట్స్ నుంచి ఒకటి తీసివేసి, ఆరుతో భాగించి, సీల్ ఫంక్షన్‌తో పైఅంకెకు సవరించి, దాన్ని మ్యాక్స్_నమ్_పేజెస్‌కు ఇవ్వండి. 103 వ్యాసాలకు 102ను ఆరుతో భాగిస్తే సరిగ్గా 17. ఏ పేజీలో నిలబడి చూసినా అదే జవాబు వస్తుంది. ఈ ఫంక్షన్ చివర మాత్రం అందుకున్న వ్యాసాలను తప్పనిసరిగా రిటర్న్ చేయాలి, మరిచిపోతే మొదటి పేజీ మొత్తం ఖాళీగా కనిపిస్తుంది.

అయితే ఇంత చేయడం అవసరమా అని ఒక్కసారి ఆలోచించండి. అన్ని పేజీల్లోనూ ఏడేసి పెట్టి, ప్రతి పేజీలోనూ మొదటి వ్యాసాన్ని పూర్తి వెడల్పులో చూపిస్తే ఆఫ్‌సెట్ అక్కర్లేదు, ద_పోస్ట్స్ అక్కర్లేదు, మూడు వరసల గడులు అప్పుడూ నిండుగానే ఉంటాయి. తొట్లకొండ మీద నుంచి సముద్రం కనబడే ఫొటో వంటిది మూడో పేజీలో పెద్దగా వస్తే నష్టమేమీ లేదు, పాత వ్యాసాలకు అది మేలు కూడా చేస్తుంది. రెండు ఫంక్షన్లలో ఆరు అనే అంకెను ఎప్పుడూ జతగా మార్చుకుంటూ ఉండాలన్న బాధ్యత మీకు తప్పుతుంది. సైటును రేపు మీ మిత్రుల్లో మరొకరు చూసుకోవాల్సి వస్తే, వారికి అర్థమయ్యేది ఈ రెండో పద్ధతే.

తీరవాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. టెంప్లేట్‌లోని క్వెరీ తీసేసి, ప్రీ_గెట్_పోస్ట్స్‌తో క్యాటగిరీ, వెతుకులాట సంఖ్యలు పెట్టాను. ముప్ఫై వ్యాసాల క్యాటగిరీ ఇప్పుడు పన్నెండు, పన్నెండు, ఆరుగా మూడు పేజీల్లో సరిగ్గా వస్తోంది. మొదటి పేజీలో రెండు స్టిక్కీ వ్యాసాలు ఉన్న మాట నిజమే. రెండూ భీమునిపట్నం మీద రాసినవి. ఏడేసి పెట్టి మొదటిదాన్ని పెద్దగా చూపే పద్ధతినే మిత్రులందరూ ఇష్టపడ్డారు.

మిగిలినవి మూడు సందేహాలు. నెలవారీ ఆర్కైవ్‌కు -1 ఇస్తే వ్యాసాలన్నీ వస్తాయని విన్నాను, అది మంచిదేనా? ఈ కోడ్‌ను థీమ్ ఫైలులో ఉంచవచ్చా, లేక చిన్న ప్లగిన్‌గా చేయాలా? మా ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ మీద దీని ప్రభావం ఉంటుందా?

గాజువాక_కోడ్:

ఫీడ్ గురించి దిగులు అక్కర్లేదు. దానికి రీడింగ్ సెట్టింగ్స్‌లోనే వేరే గడి ఉంది. ఫీడ్ అడిగినప్పుడు వర్డ్‌ప్రెస్ ఆ గడిలోని సంఖ్యనే తీసుకుని పోస్ట్స్_పర్_పేజ్ స్థానంలో పెట్టుకుంటుంది.

కోడ్‌ను మీరు వాడుతున్న థీమ్ ఫైలులోనే నేరుగా పెడితే, ఆ థీమ్ బయటి నుంచి తెచ్చుకున్నదైతే, తదుపరి అప్‌డేట్‌తో చెరిగిపోతుంది. నా మట్టుకు నేను ఇలాంటివన్నీ చిన్న ప్లగిన్‌గా రాసి పెడతాను. థీమ్ మార్చినా అది పోదు.

మధురవాడ_మెట్ట:

ఈ ఒక్క విషయంలో నేను ఏకీభవించలేను. ప్లగిన్‌లో ఉండాల్సింది థీమ్ మారినా మారకూడని సంగతి. ఇక్కడ ఏడు అన్న అంకె ఒక పెద్ద గడి, దాని కింద మూడేసి చొప్పున రెండు వరుసలు అన్న అమరిక నుంచి వచ్చింది. రేపు నాలుగు వరసల థీమ్ పెట్టుకుంటే ఈ అంకె తప్పు అంకె అవుతుంది, ప్లగిన్‌లో దాగి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కోవాలి. అమరికతో పుట్టిన అంకె అమరికతోనే పోవాలి కనుక చైల్డ్ థీమ్‌లోని (అసలు థీమ్ మీద ఆధారపడుతూ మన మార్పులను విడిగా ఉంచే థీమ్‌లోని) ఫంక్షన్స్.పీహెచ్‌పీయే దీనికి సరైన చోటు. అసలు థీమ్‌కు అప్‌డేట్ వచ్చినా చైల్డ్ థీమ్ చెక్కుచెదరదు. వెతుకులాటలో ముప్ఫై అన్నది మాత్రం అమరికతో సంబంధం లేనిది కాబట్టి దాన్ని ప్లగిన్‌లో పెట్టినా అభ్యంతరం లేదు. కానీ ఇంత చిన్న కోడ్‌ను రెండుచోట్ల విడగొట్టడం ఎందుకు?

బ్లాక్ థీమ్ వాడేవారు ఈ చర్చ చదువుతుంటే వారికొక సూచన. క్వెరీ లూప్ బ్లాక్‌ను టెంప్లేట్ నుంచి క్వెరీ తీసుకునేలా అమర్చి ఉంటేనే అది మెయిన్ క్వెరీని వాడుతుంది, అప్పుడే పైన చెప్పినదంతా వర్తిస్తుంది. ఆ ఎంపిక తీసేస్తే బ్లాక్ తన సొంత క్వెరీ నడుపుకుంటుంది, దాని సంఖ్య బ్లాక్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది.

నెలవారీ ఆర్కైవ్‌కు -1 పెట్టవద్దని గట్టిగా చెబుతాను. -1 అంటే పరిమితి లేదని అర్థం. ఈ రోజు నెలకు పది వ్యాసాలే రావచ్చు. ఎవరో పాత పత్రికల నుంచి సేకరించిన వ్యాసాలను ఒకే నెలలో ఎక్కించిన రోజున ఆ పేజీ తన భారానికి తానే కుంగిపోతుంది. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి బొమ్మలు స్క్రీన్ దగ్గరకు వచ్చినప్పుడే దిగుమతి అయ్యే ఏర్పాటు వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది కనుక డేటా కొంత ఆదా అవుతుంది. అయినా వ్యాసాలన్నింటినీ డేటాబేస్ నుంచి తేవడం, పేజీ మొత్తాన్ని తయారుచేసి ఫోనుకు పంపడం తప్పదు. అరకు ఘాట్‌లో బలహీనమైన సిగ్నల్‌తో బొర్రా గుహల వ్యాసం వెతికే పాఠకుడికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఈజ్_మంత్ షరతు పెట్టి 48 ఇవ్వండి. మామూలు నెలల్లో అన్నీ ఒకే పేజీలో వస్తాయి, ఎప్పుడైనా మించితే రెండో పేజీ దానంతటదే ఏర్పడుతుంది.

ఆర్కైవ్ లేదా వెతుకులాట పేజీల్లో మీరిచ్చిన సంఖ్యను వర్డ్‌ప్రెస్ పట్టించుకోనట్టు కనిపిస్తే, థీమ్‌లో గానీ ఏదైనా ప్లగిన్‌లో గానీ పోస్ట్స్_పర్_ఆర్కైవ్_పేజ్ అనే పేరు ఉందేమో వెతకండి. ఆ రెండు రకాల పేజీల్లో అది పోస్ట్స్_పర్_పేజ్‌ను తోసిరాజంటుంది.

తీరవాసి:

48 పెట్టాను, చైల్డ్ థీమ్‌లోనే ఉంచాను. మా కంప్యూటర్‌లో సరిగ్గా కనిపిస్తున్నా, అనకాపల్లిలోని ఒక మిత్రుడి ఫోనులో మాత్రం మొదటి పేజీలో ఇంకా పన్నెండు వ్యాసాలే కనిపిస్తున్నాయట.

గాజువాక_కోడ్:

మీరు లాగిన్ అయి చూస్తున్నారు, ఆయన లాగిన్ కాకుండా చూస్తున్నారు. క్యాష్ ప్లగిన్లు సాధారణంగా లాగిన్ కాని పాఠకులకు ముందే దాచి ఉంచిన పేజీని ఇస్తాయి. ప్లగిన్‌లోని క్యాష్‌ను ఒకసారి పూర్తిగా తుడిచేయండి. మీ హోస్టింగ్ సంస్థ వైపు కూడా క్యాష్ ఉంటే దాన్నీ తుడవాలి. ఆ తరువాత మీరే లాగవుట్ అయి, ప్రతి రకం పేజీలో చిట్టచివరి అంకె నొక్కి చూడండి. లెక్క ఎక్కడైనా తప్పితే అది బయటపడేది చివరి పేజీలోనే.

సంఖ్య మారినందువల్ల పేజీల హద్దులు కూడా మారాయి. నిన్నటిదాకా నాలుగో పేజీలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల వ్యాసం ఈ రోజు మరో పేజీలో ఉంటుంది. మీ పాత వ్యాసాల్లో గానీ, వాట్సాప్ సమూహాలకు పంపిన సందేశాల్లో గానీ పేజీ సంఖ్యతో కూడిన లింకులు ఇచ్చి ఉంటే, వాటి స్థానంలో ఆయా వ్యాసాల సొంత చిరునామాలు ఇవ్వండి.